డోము కింద మంచాలు: బ్రైటన్ పోస్టుకార్డు వెనక చరిత్ర

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం, రాతప్రతి)

అధ్యక్షులకు, గ్రంథాలయ సిబ్బందికి, సభలోని పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. వారోత్సవాలలో పుస్తకాల గురించి మాట్లాడడం ఆనవాయితీ. ఈ పూట నేను ఒక్క కార్డు ముక్క గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాదనలేదు. వారికి ముందుగా కృతజ్ఞతలు.

తెర మీద చూడండి. గుండ్రటి పెద్ద హాలు. చుట్టూ నగిషీలు చెక్కిన తోరణాలు. మొదటి చూపులో ఏ లక్నోలోనో, హైదరాబాదులోనో ఉన్న నవాబుల కట్టడం అనిపిస్తుంది. నేల మీద వరుసలు వరుసలుగా ఇనుప మంచాలు, తెల్లని దుప్పట్లు. మంచాల మీద కొందరు పడుకుని ఉన్నారు, కొందరు కూర్చుని ఉన్నారు. తలపాగాలు కనిపిస్తున్నాయి. అందరి ముఖాలూ కెమెరా వైపే ఉన్నాయి. గాయపడిన భారతీయ సైనికులు అని కింద ఇంగ్లిష్‌లో సన్నని అక్షరాలు. ఊరి పేరు బ్రైటన్. ఇంగ్లండు దక్షిణ తీరంలో, లండన్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న సముద్రతీర పట్టణం. సంవత్సరం 1915.

కార్డును తిప్పి చూద్దాం. పాత కార్డు దొరికితే అందరూ బొమ్మ చూసి పక్కన పెట్టేస్తారు. దాని వయసు తెలిసేది వెనకవైపు చూసినప్పుడే. మధ్యలో నిలువు గీత ఉంది కదా? ఎడమవైపు ఉత్తరానికి, కుడివైపు చిరునామాకు. బ్రిటన్‌లో ఈ పద్ధతిని 1902లో అనుమతించారు. అంతకుముందు వెనకవైపంతా చిరునామాకే పోయేది, రాయదలచుకున్న నాలుగు మాటలూ బొమ్మ పక్కన మిగిలిన జాగాలో ఇరికించాలి. కాబట్టి గీత ఉన్న బ్రిటిష్ కార్డు 1902 తరవాతిది. బిళ్ళ అంటించి ఉంటే దాని మీది రాజుగారి బొమ్మ ఇంకొంచెం చెబుతుంది. ఏడో ఎడ్వర్డు అయితే ఒక కాలం, అయిదో జార్జి అయితే 1911 తరవాతి కాలం. అరపెన్నీ బిళ్ళతో వెళ్లిన కార్డయితే 1918 నడిమికి ముందుది, ఎందుకంటే ఆ ఏడాది జూన్‌లో రుసుమును పెన్నీకి పెంచారు. ఈ కార్డు మీద బిళ్ళా లేదు, తపాలా ముద్రా లేదు, ఒక్క అక్షరమూ లేదు. కొన్నవారు పోస్టు చేయకుండా దాచుకున్నారన్నమాట. ఇలాంటివి ఆల్బములలో పెట్టుకోవడానికే కొనేవారు చాలామంది ఉండేవారు.

బ్రిటన్‌లో పోస్టుకార్డు వచ్చింది 1870 అక్టోబర్ 1న. మన దేశంలో 1879 జులైలో పావు అణా కార్డు వచ్చింది. ఆ రెండూ బొమ్మ లేని ఉత్త కార్డులే. ప్రైవేటువారు బొమ్మలు అచ్చు వేసి అమ్ముకోవచ్చని బ్రిటిష్ తపాలా శాఖ ఒప్పుకున్నది 1894లో. అక్కడినుంచి ప్రపంచ యుద్ధం దాకా ఇరవై ఏళ్లు బొమ్మ కార్డుకు స్వర్ణయుగం. రోజుకు అనేకసార్లు బట్వాడా జరిగే దేశం కాబట్టి పొద్దున పోస్టు చేసిన కార్డు సాయంత్రానికి చేరిన సందర్భాలు కోకొల్లలు. ఇక బ్రైటన్ లాంటి ఊళ్ల సంగతి చెప్పనే అక్కరలేదు. 1841లో లండన్ నుంచి రైలు పడింది. ఆదివారం పొద్దున వచ్చి, సముద్రం చూసి, సాయంత్రం తిరిగి వెళ్లేవారు వేలల్లో తయారయ్యారు. వాళ్లకోసం ప్రతి దుకాణం గుమ్మంలోనూ కార్డులు వేలాడేవి.

మరి ఇంగ్లండు తీరాన ఈ నవాబుల మహలు ఎందుకు వెలిసింది? కొంచెం వెనక్కి వెళ్లాలి.

బ్రైటన్ అసలు చేపలు పట్టుకునే పల్లె. పాత పేరు బ్రైట్‌హెల్మ్‌స్టన్. 18వ శతాబ్దం నడిమిలో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు సముద్రపు నీటితో గ్రంథి వ్యాధులు నయమవుతాయని లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. ఉప్పునీళ్లలో మునగడమే కాదు, తాగమని కూడా చెప్పాడు. అక్కడే మకాం పెట్టి వైద్యం మొదలుపెట్టేసరికి జబ్బు ఉన్న ధనవంతులు, లేని ధనవంతులు కూడా బయలుదేరారు. 1783లో యువరాజు జార్జి వచ్చాడు. తరవాత నాలుగో జార్జి అయింది ఇతనే. విలాసపురుషుడు, అప్పులకు వెరవనివాడు. ఊరు నచ్చి ఇల్లు కట్టించాడు. ఆ ఇంటికి తోడుగా విలియం పోర్డెన్ అనే వాస్తుశిల్పి చేత 1803 నుంచి 1808 దాకా గుర్రపుశాల కట్టించాడు.

ఈ కార్డులో మీరు చూస్తున్న హాలు ఆ గుర్రపుశాలే. దీన్ని డోమ్ అంటారు. గాజు పలకలతో నిర్మించిన పెద్ద గోపురం కింద యువరాజు గుర్రాలు ఉండేవి. దాని పక్కనే స్వారీ నేర్పే పొడవాటి శాల. ఈ రెండింటికీ హిందుస్థానీ పోకడలు పెట్టారు. అప్పటికి థామస్ డేనియల్ అనే చిత్రకారుడు, అతని సోదరుడి కొడుకు విలియం డేనియల్ మన దేశమంతా తిరిగి గీసిన కోటలు, గుళ్లు, మసీదుల చిత్రాలు లండన్‌లో అచ్చయ్యాయి. అక్కడి శిల్పులకు మన కట్టడాల రూపురేఖలు తెలిసింది ప్రధానంగా ఆ బొమ్మల ద్వారానే. గుర్రాలకు ఇంత గొప్ప మందిరం ఉంటే పక్కన తన ఇల్లు వెలవెలబోతోందని యువరాజుకు తోచినట్టుంది. 1815లో జాన్ నాష్ అనే వాస్తుశిల్పిని పిలిపించి, ఏడేళ్లపాటు పని చేయించి, ఆ ఇంటిని గుమ్మటాలు, మీనారులు, జాలీ తెరలున్న రాజమహలుగా మార్పించాడు. అదే రాయల్ పెవిలియన్. బయట భారతదేశం, లోపల చైనా. దాన్ని కట్టించినవాడు గాని, కట్టినవాడు గాని మన దేశంలో అడుగుపెట్టలేదు.

ఇదే సమయంలో అదే ఊళ్లో ఒక అసలు భారతీయుడు కూడా ఉన్నాడు. ఆయన గురించి చెప్పకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు. పేరు షేక్ దీన్ మహమ్మద్. 1759లో పాట్నాలో పుట్టాడు. కుర్రతనంలోనే కంపెనీ బెంగాల్ సైన్యంలో చేరి, 1784లో ఐర్లాండు చేరాడు. 1794లో తన ప్రయాణాల పుస్తకం ఇంగ్లిష్‌లో అచ్చు వేయించుకున్నాడు. ఇంగ్లిష్‌లో పుస్తకం ప్రచురించిన తొలి భారతీయుడిగా ఆయనను లెక్కిస్తారు. 1810లో లండన్‌లో హిందుస్థానీ వంటల హోటలు పెట్టి దివాలా తీశాడు. ఇంకొకరైతే అక్కడితో చతికిలపడేవారు. ఆయన బ్రైటన్ వచ్చి, సముద్రపు ఒడ్డున ఆవిరి స్నానాల ఇల్లు తెరిచాడు. మూలికలు వేసిన ఆవిరిలో కూర్చోబెట్టి, ఫ్లానెల్ గుడ్డ తొడుగుల్లోంచి చేతులు చాపి ఒళ్లంతా మర్దన చేసేవాడు. నాలుగో జార్జికి, ఆ తరవాతి నాలుగో విలియంకు ఆస్థాన మర్దన వైద్యుడయ్యాడు. 1851లో ఆ ఊళ్లోనే చనిపోయాడు. సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో ఆయన సమాధి ఉంది.

విక్టోరియా రాణికి పెవిలియన్ నచ్చలేదు. చుట్టూ ఊరు పెరిగిపోయింది, జనం కంటపడకుండా గడపలేని చోటు ఆమెకు పనికిరాలేదు. 1850లో పట్టణమే 53,000 పౌండ్లకు దాన్ని కొనుక్కుంది. ఈ సంవత్సరాన్ని గుర్తుంచుకోండి, ఇంకాసేపట్లో పనికొస్తుంది. గుర్రపుశాల 1867లో కచేరీ హాలయింది.

ఇప్పుడు 1914కు వద్దాం. ఆగస్టులో యుద్ధం మొదలైంది. సెప్టెంబరు చివరికి లాహోర్ డివిజన్ సైనికులు ఫ్రాన్సులోని మార్సేల్స్ రేవులో దిగారు, వెనకే మీరట్ డివిజన్ వచ్చింది. అక్టోబరుకల్లా బెల్జియం కందకాల్లో ఉన్నారు. ఆ చలికి తగిన దుస్తులు చాలామందికి సమయానికి అందలేదు. యుద్ధం పూర్తయ్యేలోగా ఫ్రాన్సు, బెల్జియం రణరంగానికి మన దేశం నుంచి వెళ్లినవారు 1,30,000 మందికి పైనే. పంజాబీలు, గఢ్వాలీలు, గూర్ఖాలు, పఠాన్లు, జాట్లు, డోగ్రాలు వీరిలో ఎక్కువ. ఈ కార్డులో తెలుగువారి కోసం వెతకకండి. ఏ కులాలు యుద్ధానికి పనికొస్తాయి, ఏవి పనికిరావు అని అప్పటి సైన్యాధికారులు ఒక సిద్ధాంతం అల్లుకుని, మద్రాసు సైన్యంలో తెలుగువారి భర్తీని ఎప్పటినుంచో కుదించుకుంటూ వచ్చారు.

గాయపడినవారిని ఓడల్లో ఇంగ్లండు తెచ్చారు. బ్రైటన్‌లో మూడు చోట్ల ఆసుపత్రులు పెట్టారు. ఒకటి పెవిలియన్, డోమ్, స్వారీ శాల కలిపి. రెండోది యార్క్ ప్లేస్‌లోని బడి. మూడోది ఎల్మ్ గ్రోవ్ అనే చోట కొండ మీద ఉన్న వర్క్‌హౌస్, అంటే దిక్కులేని పేదల చేత పని చేయించి తిండి పెట్టే సర్కారు ఇల్లు. 1914 డిసెంబరులో తొలి రోగులు వచ్చారు. పెవిలియన్ సముదాయంలోనే 700కు పైగా మంచాలు. రాజుగారి విందులు వండిన పెద్ద వంటశాల శస్త్రచికిత్స గది అయింది. వంటకు బయట తొమ్మిది వంటశాలలు కట్టారు, మతం మతానికీ, కులం కులానికీ వేరుగా. హిందువులకు వేరే కుళాయి, ముస్లింలకు వేరే కుళాయి. గోడల మీద ఉర్దూ, హిందీ, గురుముఖి లిపుల్లో సూచనలు. పచ్చికలో నమాజుకు జాగా, సిక్కులకు గురుద్వారాగా ఒక గుడారం.

ఇంత శ్రద్ధ ఎందుకు? 1857 జ్ఞాపకం పాలకులను వదలలేదు. సిపాయి మతం జోలికి వెళ్తే ఏమవుతుందో వాళ్లకు అనుభవం. దానికి తోడు 1914 నవంబరులో తుర్కులు యుద్ధంలోకి దిగి, ఖలీఫా పేరుతో జిహాద్ ప్రకటన వెలువడింది. బ్రిటిష్ సైన్యంలోని ముస్లిం సిపాయిలు ఎటు మొగ్గుతారోనన్న బెంగ పట్టుకుంది. కాబట్టి రాజుగారు తన సొంత మహల్లో సిపాయిలకు పడక వేయించారన్న మాట మన పల్లెల దాకా వెళ్లాలి. అందుకు ఫోటోలు తీయించారు. ఎ.హెచ్. ఫ్రై అనే స్థానిక ఫోటోగ్రాఫరు వార్డులన్నీ తీశాడు. కార్డులు అచ్చయ్యాయి. పెవిలియన్ చరిత్ర చెప్పే ఒక పుస్తకాన్ని ఇంగ్లిష్, ఉర్దూ, గురుముఖిలలో వేశారు.

ఇక్కడ ఇందాక గుర్తుంచుకోమన్న 1850 పనికొస్తుంది. ఈ మహలు అరవై అయిదేళ్లుగా రాజుగారిది కానే కాదు, మునిసిపాలిటీది. అయినా రాజు తన సింహాసనపు గదిని ఖాళీ చేసి మనవాళ్లకు ఇచ్చాడని సిపాయిలు ఇళ్లకు రాసుకున్నారు. వాళ్లలా నమ్మితే అధికారులకు మేలే. చరిత్రను రెండు మూడు మాటలు దాటవేసి చెబితే అది అబద్ధం కాకుండానే అబద్ధం పని చేస్తుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అయితే సిపాయిల కృతజ్ఞతను నేను తక్కువ చేయను. బురద కందకంలోంచి వచ్చినవాడికి శుభ్రమైన పరుపు, వేడి రొట్టె, తలెత్తి చూస్తే బంగారు నగిషీ కప్పు. ఇది కలలో కూడా చూడని చోటు, పరీలోకం అనుకోవాలి అని ఒక జాట్ సుబేదార్ మేజరు స్వదేశానికి రాశాడు. అది ఆయన మనసులోంచి వచ్చిన మాటే. వాళ్ల ఉత్తరాలను సెన్సారు అధికారులు తెరిచి, అనువదించి, పై అధికారులకు నివేదికలు పంపేవారు. ఆ నివేదికల వల్లే మనకు ఈ మాటలు మిగిలాయి, అదొక్కటే ఆ నిఘా వల్ల కలిగిన మేలు.

అదే నివేదికల్లో ఇంకొక గొంతు కూడా ఉంది. 1915 ఆగస్టులో అయిదో జార్జి పెవిలియన్ పచ్చికలో దర్బారు చేసి పతకాలు పంచాడు. జమాదార్ మీర్ దస్త్ అనే పఠాన్‌కు బ్రిటిష్ సైన్యపు అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ తన చేత్తో తగిలించాడు. ఈయన ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర విషవాయువు కమ్ముకున్న సమయంలో, అధికారులు పడిపోయాక మిగిలిన సైనికులను కూడగట్టి నిలబెట్టాడు, తాను గాయపడి కూడా ఎనిమిది మంది అధికారులను మోసుకురావడంలో సాయపడ్డాడు. దర్బారు ఫోటోలు ఊరంతా చూసింది. మీర్ దస్త్ మాత్రం ఉత్తరంలో, పతకం గొప్పదే గాని ఈ వాయువు నన్ను నిద్రపోనివ్వడం లేదు, నా పని అయిపోయింది అన్న అర్థంలో రాసుకున్నాడు. రాజు ఎదుట నిలబడ్డప్పుడు ఆయన చేసుకున్న మనవి కూడా నమోదై ఉంది. ఒకసారి గాయపడి కోలుకున్నవాడిని తిరిగి యుద్ధానికి పంపవద్దని. ఆ మనవి చెల్లలేదు. అప్పటికే గాయం మానినవాడిని మళ్లీ ఫ్రాన్సుకు పంపడం రివాజు అయిపోయింది, సిపాయిల ఉత్తరాల్లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే బాధ అదే.

ఇప్పుడు ఎల్మ్ గ్రోవ్ కొండకు వెళ్దాం. ఆ పేదల ఇంటికి కిచెనర్ ఆసుపత్రి అని పేరు మార్చారు. మూడింటిలో ఇదే పెద్దది. దీని అధిపతి కల్నల్ బ్రూస్ సీటన్. గోడల మీద ముళ్లతీగ వేయించాడు, కాపలా పెట్టాడు. సిపాయిలు ఊళ్లోకి వెళ్లకూడదు, ఊరి ఆడవాళ్లతో మాట్లాడకూడదు. తెల్లజాతి ఆడవాళ్లతో పరిచయం పెరిగితే సామ్రాజ్య ప్రతిష్ఠకు భంగమన్న భయం. బయటికి తీసుకెళ్లినా గుంపుగా, కనిపెట్టి ఉండే మనిషి తోడుగా. రోగులకే కాదు, అక్కడ పనిచేసే మన వైద్య సిబ్బందికీ కట్టడులే. వారిలో ఒకరు పుణేలోని మిత్రుడికి రాస్తూ ఆ చోటును నేరుగా జైలు అన్నాడు. పెవిలియన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది ఆ కొండ. పెవిలియన్, డోమ్ బొమ్మలు ఇన్ని దొరుకుతాయి, కిచెనర్ ముళ్లతీగ కార్డు మాత్రం నాకు ఇంతవరకు కనిపించలేదు.

అందుకే ఈ కార్డులోని ముఖాలను నేను మళ్లీ మళ్లీ చూస్తాను. ఫోటో అబద్ధం కాదు. ఆ మంచాలు నిజం, ఆ దుప్పట్లు నిజం. కెమెరాను ఎక్కడ నిలబెట్టాలో నిర్ణయించినవారు మాత్రం మంచం మీద ఉన్నవారు కారు.

చనిపోయినవారి సంగతి. హిందువులు, సిక్కులు 53 మందిని ఊరికి ఉత్తరాన పాచమ్ దగ్గర పచ్చిక గుట్టల మీద, వారి ఆచారం ప్రకారం దహనం చేశారు. ముస్లింలను ఇంగ్లండులోనే వోకింగ్ అనే ఊళ్లోని షాజహాన్ మసీదు దగ్గర ఖననం చేశారు. ఆ దహనస్థలి వద్ద స్మారకం ఉండాలన్న ఆలోచన దాస్‌గుప్తా అనే మన యువ వైద్యాధికారిది. 1915లో ఆయన మేయర్ జాన్ ఆటర్‌ను కలిసి చెప్పారు, మేయరు పట్టుబట్టి సాధించాడు. బొంబాయికి చెందిన ఇ.సి. హెన్రిక్స్ నమూనా గీశారు. తెల్లని పాలరాతి ఛత్రి, అంటే స్తంభాల మీద నిలిచిన గుమ్మటం. 1921 ఫిబ్రవరి 1న ఆవిష్కరించారు. అదే ఏడాది అక్టోబరులో పెవిలియన్ దక్షిణ ద్వారాన్ని, భారత ప్రజల కానుకగా, పటియాలా మహారాజు ప్రారంభించారు. ఛత్రి మీద అంకిత వాక్యాలు చెక్కారు గాని, అక్కడ కాలిపోయినవారి పేర్లు వేయలేదు. ఆ 53 పేర్లూ రాతికెక్కింది 2010లో. ఏటా జూన్‌లో అక్కడ సంస్మరణ సభ జరుగుతుంది. మీ పిల్లలు బ్రైటన్‌లోనో లండన్‌లోనో చదువుకుంటున్నట్లయితే ఒకసారి వెళ్లి రమ్మనండి. రోడ్డు అక్కడిదాకా లేదు, గొర్రెలు మేసే మైదానాల్లో కొంత దూరం నడవాలి.

1915 చివర్లో మన పదాతి దళాలను ఫ్రాన్సు నుంచి మెసపొటేమియాకు, అంటే నేటి ఇరాక్‌కు, తరలించారు. 1916 మొదట్లో బ్రైటన్ ఆసుపత్రులు భారతీయులకు మూతపడ్డాయి. ఆ తరవాత డోమ్‌లో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న బ్రిటిష్ సైనికులను ఉంచారు.

మన ఊళ్లకు సంబంధించిన మాట ఒకటి చెప్పి ముగిస్తాను. యుద్ధం ముదిరాక సిపాయిలు చాలక, అంతకుముందు పనికిరారన్న మద్రాసు రాష్ట్రంలోనే మళ్లీ ముమ్మరంగా భర్తీ చేశారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని ఊరికే అనరు. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచి ఆ ఊరి కుటుంబాలు తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపుతున్నాయి. అలాంటి ఇళ్లలో పాత ట్రంకు పెట్టెల అడుగున బస్రా కార్డో, బాగ్దాదు కార్డో, బ్రైటన్ కార్డో ఉండే అవకాశం ఉంది. దొరికితే దయచేసి లామినేషను చేయించకండి, జిగురు పెట్టి ఆల్బములో అంటించకండి, వెనక పెన్నుతో ఏమీ రాయకండి. ముందూ వెనకా రెండువైపులా ఫోటో తీసి, అది ఎవరి ద్వారా మీ ఇంటికి వచ్చిందో పెద్దవాళ్లను అడిగి వేరే కాగితం మీద రాసి, రెండూ కలిపి ఒక కవరులో పెట్టండి. ఆ కవరును ఈ గ్రంథాలయానికి తెచ్చి చూపిస్తే, చదివి చెప్పడానికి నేను వస్తాను.